ఫారిన్ నాన్‌స్టాప్

మా చిట్టమూరు పక్కకి విదేశీ పాట రెండు దారుల్లో వచ్చింది. ఒకటి కువైట్ దారి, రెండోది మద్రాసు దారి. కువైట్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్ల పెట్టె తెరిస్తే సెంటు సీసాలు, టాంగ్ డబ్బాలు, మెత్తటి దుప్పట్లు, వాటి నడుమ చీరల్లో చుట్టిపెట్టిన నేషనల్ పానాసోనిక్ టూ ఇన్ వన్, దానికి తోడు నాలుగైదు క్యాసెట్లు ఉండేవి. మద్రాసు దారి ఇంకా దగ్గర. నాయుడుపేటలో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి అక్కడ పని చూసుకోవచ్చు. బీచ్ స్టేషన్ దగ్గర బర్మా బజారు. బర్మా నుంచి ఇల్లూ వాకిలీ వదులుకుని తిరిగొచ్చిన కుటుంబాలు బతుకుతెరువుకు పెట్టుకున్న కొట్ల వరస అది. వాచీలు, టార్చిలైట్లు, కాలిక్యులేటర్లు, రికార్డర్లు, క్యాసెట్లు, ఫారిన్ సరుకన్నది ఏదైనా అక్కడ బేరమాడి కొనొచ్చు.

ఈ రెండు దారులూ కలిసేది మా సెంటర్లో ఉన్న ఒక చిన్న రికార్డింగ్ షాపులో. షాపాయన పేరు ఇక్కడ రాయను. ఊళ్లో పిల్లలందరికీ ఆయన మామ, అట్లాగే రాస్తాను. ఆయన పోయి చాలా ఏళ్లయింది. షాపు పోయింది, ఆ వ్యాపారమే లేకుండా పోయింది. ఉన్న రోజుల్లో అదొక గొప్ప పని అని ఎవరూ అనలేదు. నా మటుకు నాకు, మా మండలంలో సంగీతం తెలిసిన మనుషుల లెక్క తీస్తే హరికథ చెప్పేవాళ్ల పక్కన, నాదస్వరం వాయించేవాళ్ల పక్కన ఆయన్నీ కూర్చోబెట్టాలి. ఇది రాస్తున్నది అందుకే.

షాపంటే నలుగురు నిలబడితే నిండిపోయే గది. మూడు వైపులా చెక్క అరలు, అరల నిండా క్యాసెట్లు. బల్ల మీద ఆహూజా ఆంప్లిఫయర్, దాని పక్కన రెండు డెక్కులు. వెనక గోడకి వెంకటేశ్వరస్వామి పటం, ఆ పటానికి ఆనుకున్నట్టు బాలసుబ్రహ్మణ్యం ఫోటో. ముందు బల్లకి తాడుతో కట్టేసిన లాంగ్ నోటుబుక్కు. అందులో సినిమా పేర్లు, వాటి కింద పాటలు, పాటకో నంబరు. కావాల్సిన నంబర్లు చీటీ మీద రాసిచ్చి పోతే రెండు మూడు రోజుల్లో ఎక్కించి పెట్టేవాడు. ఖాళీ క్యాసెట్ మనం తెచ్చుకుంటే ఒక రేటు, ఆయనదైతే ఇంకో రేటు. సిక్స్టీలో ఒక్కో వైపు అరగంట పడుతుంది, నైంటీలో ముప్పావు గంట. పాటలెక్కువ పడతాయని అందరం నైంటీ అడిగేవాళ్లం. మామ ఒప్పుకునేవాడు కాదు.

"నైంటీ టేపు పల్చన అబ్బయా. మీ రికార్డర్ రోలర్‌కి చుట్టుకునిందంటే మళ్లీ నా దగ్గరికే వస్తావు. సిక్స్టీ తీస్కపో."

ఆయన పాటలు ఎక్కించేటప్పుడు నిలబడి చూడటం నాకు ఇష్టంగా ఉండేది. కొత్త క్యాసెట్ మొదట్లో పాట పట్టని లీడర్ కొంత ఉంటుంది. దాన్ని దాటించకుండా రికార్డు నొక్కితే పల్లవిలో మొదటి మాట పోతుంది. మామ చిటికెన వేలు చక్రంలో పెట్టి, గోధుమరంగు టేపు కనిపించేదాకా నిదానంగా తిప్పేవాడు. స్పిరిట్లో ముంచిన దూదితో హెడ్డు తుడిచి, ఆ దూది ఎంత నల్లబడిందో చూసి, మళ్లీ ఇంకో దూది తీసేవాడు. పాటలన్నీ పడ్డాక క్యాసెట్ వెనక అంచున ఉండే రెండు ప్లాస్టిక్ పళ్లు విరిచేవాడు. ఇక దాని మీద ఎవరూ వేరే పాట ఎక్కించలేరు. కొన్నాళ్లకి ఆ పాటల మీద మొహం మొత్తి కొత్తవి కావాలని మనమే పోతే, ఆ కంతల మీద కాగితం ముక్క అంటించి మళ్లీ రికార్డు చేసేవాడు. అట్లా అంటించే ముందు మాత్రం ప్రతిసారీ ఒక మాట అడిగేవాడు: "పాతవి పోతాయి, సరేనా?" మేం సరేననేవాళ్లం.

ఇంతవరకూ అన్ని ఊళ్లల్లో ఉన్నదే. కోటలో, గూడూరులో, నాయుడుపేటలో ఇంతకంటే పెద్ద షాపులుండేవి. మామ దగ్గర మాత్రమే దొరికేది ఇంకొకటుంది. దాని అట్ట మీద బాల్‌పెన్నుతో 'ఫారిన్ నాన్‌స్టాప్' అని రాసి, పక్కన ఒక అంకె వేసి ఉండేది. అందులో పాటకీ పాటకీ నడుమ ఖాళీ ఉండదు. ఒక పాట వెళ్లిపోతున్న దెబ్బ మీదే రెండో పాట దెబ్బ పడుతుంది. బోనీ ఎం 'రస్పుటిన్' పరుగులోంచి 'సింహాసనం' పాట లేచి వస్తుంది. మైకేల్ జాక్సన్ 'బిల్లీ జీన్' తాళం నడుస్తుండగా 'దొంగ' సినిమాలో చిరంజీవి పాట దాని మీద ఎక్కుతుంది. 90లు వచ్చేసరికి డాక్టర్ ఆల్బన్, స్నాప్, హ్యాడవే, టు అన్‌లిమిటెడ్ వచ్చి చేరారు. ఈ పేర్లన్నీ ఇప్పుడు రాస్తున్నాను గానీ అప్పుడు మాకు ఒక్కటీ తెలియదు. పాటలకు మేమే పేర్లు పెట్టుకున్నాం. రైలు పాట, దగ్గు పాట, నో నో పాట. ఆ నో నో పాట 1993లో యూరప్‌నంతా ఊపేసిన 'నో లిమిట్' అని, దాన్ని కట్టింది బెల్జియంవాళ్లని తెలియడానికి చాలా కాలం పట్టింది.

అది తయారు చేసే పద్ధతి కొంచెం వివరంగా చెప్పాలి. ఒక డెక్కులో ఫారిన్ క్యాసెట్, రెండో డెక్కులో మన పాట, రెండూ ఒక చిన్న మిక్సర్ గుండా మూడో రికార్డర్లోకి. చిక్కంతా వేగం దగ్గరుంది. క్యాసెట్ టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడవాలి. 1963లో ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్‌ని బయటికి తెచ్చినప్పటి లెక్క అది, ప్రపంచమంతటా అదే నిలిచింది. కానీ పాటల తాళాలు ఒకే వేగంలో ఉండవు కదా. డిస్కో పాట నిమిషానికి 120 దెబ్బల దాకా ఉంటే మన పాట 110 దగ్గరే ఉండొచ్చు. రెండూ ఊరికే కలిపి వదిలితే నాలుగు దెబ్బలు కలిసి ఐదోది చెడిపోతుంది. విదేశాల్లో డీజేల దగ్గర వేగం పెంచి తగ్గించే మీట ఉన్న టర్న్‌టేబుళ్లు ఉండేవి. మామకు అవెక్కడివి? ఆయన డెక్కు వెనక మూత ఎప్పుడూ తీసే ఉంచేవాడు. లోపల మోటారు వెనక ఒక సన్నటి రంధ్రం, అందులో వేగం సరిచేసే స్క్రూ. రిపేరువాళ్లు ఎప్పుడో ఒకసారి ముట్టుకుని వదిలేసే చోటు అది. మామ వాచీల రిపేరుకు వాడే స్క్రూడ్రైవర్ దాంట్లో పెట్టి, చెవి స్పీకర్‌కి ఆనించి, వెంట్రుకవాసి తిప్పేవాడు. ఎడమచేత్తో బల్ల మీద తాళం వేస్తూ ఉండేవాడు. రెండు పాటల దెబ్బలూ ఒకటైన క్షణాన మూడో రికార్డర్ పాజ్ బటన్ వదిలేవాడు. కుదరకపోతే వెనక్కి తిప్పి మళ్లీ మొదలు. ఒక్క అతుకు కోసం సాయంత్రమంతా కూర్చున్న రోజులుండేవి. కొనడానికి వచ్చినవాళ్లను "రేపు రాండయ్యా" అని పంపించేసేవాడు.

టేపు వేగం మారిస్తే గొంతు మారిపోతుంది. పెంచితే సన్నబడి చిన్నపిల్లల గొంతవుతుంది, తగ్గిస్తే బొంగురుపోతుంది. గొంతు చెడకుండా వేగం మార్చడం ఇప్పుడు కంప్యూటర్లో తేలిక. టేపులో ఆ వీలు లేదు. కలపాలంటే రెండింటిలో ఏదో ఒక పాట ఒంగాలి. మామ ఎప్పుడూ ఫారిన్ పాటనే ఒంచేవాడు.

"బాలు గొంతు మీద చెయ్యేసేది లేదబ్బా. ఆ దేశంవాణ్ణే కిందికి దిగమను" అనేవాడు.

బాలు మావాడనే పట్టింపు నెల్లూరు వైపు ఎక్కువ. ఆయన 1946 జూన్ 4న పుట్టింది ఇప్పుడు తమిళనాడులో ఉన్న కోనేటమ్మపేటలో. తండ్రి సాంబమూర్తి నెల్లూరులో పేరున్న హరికథకులు. తిప్పరాజువారి వీధిలోని వాళ్ల ఇంటిని బాలు 2020 ఫిబ్రవరిలో వేద పాఠశాల కోసం కంచి పీఠానికి అప్పగించారు. ఆ ఏడాది సెప్టెంబరు 25న పోయారు. టీవీలో ఆ వార్త నడుస్తున్నంతసేపూ నాకు మామ షాపు గోడ మీది ఫోటో, ఆ పక్కన స్క్రూడ్రైవర్ పట్టుకున్న చెయ్యి కళ్లముందు కదిలాయి. వేగం పెంచితే పాట హుషారెక్కుతుందని, అందుకోసం బాలు గొంతు కొంచెం సన్నబడినా ఎవరూ పట్టించుకోరని షాపుకొచ్చిన కుర్రాళ్లు చెప్పేవాళ్లు. మామ వినలేదు. పాటలో ఏది కదలకూడదో తెలిసినవాడే మిగతాదాన్ని కదిలించడానికి అర్హుడని నేను నమ్ముతాను. ఆ విషయంలో ఆయన్ని మించిన రీమిక్సర్ పేరు నాకు తట్టడం లేదు.

దీనివల్ల ఒకటి జరిగింది. మేం విదేశీ పాటలన్నీ అసలు వేగం కంటే నెమ్మదిగా, అసలు శ్రుతి కంటే కిందుగా విని పెరిగాం. తర్వాతెప్పుడో టీవీలో అసలు 'రస్పుటిన్' వచ్చినప్పుడు, ఎవరో తరుముతుంటే పాడుతున్నట్టు అనిపించింది. నా చెవికి ఇప్పటికీ మామ పెట్టిన వేగమే సరైన వేగం.

ఆ క్యాసెట్లు పెళ్లి పందిళ్లలో మోగాయి, ట్రాక్టర్ల మీద మోగాయి. మల్లాం సుబ్రహ్మణ్యేశ్వరస్వామి తిరునాళ్లకు పోయే జీపుల్లోనూ మోగాయి. అన్నిటికంటే ఎక్కువ మోగింది రొయ్యల గుంటల దగ్గర. 90ల మొదట్లో చిట్టమూరు, కోట, వాకాడు మండలాల్లో టైగర్ రొయ్య మోజు అంతా ఇంతా కాదు. మొలగొలుకులు పండిన మడుల్లో గుంటలు తవ్వారు. గట్టు మీద తాటాకు షెడ్డు, షెడ్డులో కాపలా మనిషి, నులకమంచం కోడుకి వేలాడదీసిన టేపు రికార్డర్, కరెంటు పోతే ఎవరెడీ సెల్లులు. రాత్రంతా ఏరియేటర్లు నీళ్లను కొడుతుంటే ఆ చప్పుడుకీ ఒక తాళం ఉండేది. మా బంధువుల గుంట కాపలా ఆయన తెలుగు పాటల క్యాసెట్ ఇస్తే తీసుకునేవాడు కాదు. "తెలుగు పాటైతే మాటల్లో పడి నిద్రపోతా. అర్థం గానిదైతే మెలకువగా ఉంటా" అనేవాడు. నాన్‌స్టాప్‌లో మధ్యమధ్య తగిలే బాలు పాటని ఎట్లా భరించేవాడో మరి.

1994, 95లలో తెల్లమచ్చల రోగం వచ్చింది. పైకి తేలిన రొయ్యల్ని బుట్టలకెత్తి గట్టు మీద పూడ్చారు. 1996 డిసెంబరు 11న తీరం వెంబడి రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చేనాటికే మా వైపు చాలా షెడ్లు ఖాళీ. అప్పులకింద బంగారం పోయింది, బళ్లు పోయాయి, టేపు రికార్డర్లూ పోయాయి.

అంతకుముందు ఇంకో దెబ్బ తగిలింది. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్లోకి దిగినప్పుడు మా పల్లెల్లో పొయ్యి వెలగని ఇళ్లున్నాయి. అక్కడున్న మనవాళ్లు ఎడారి దాటి జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి విమానాల్లో బొంబాయి వచ్చారు. దేశం మొత్తమ్మీద అట్లా తిరిగొచ్చినవాళ్లు సుమారు 1,70,000 మంది. పెట్టెలన్నీ అక్కడే వదిలి కట్టుబట్టలతో దిగారు. ఆ నెలల్లో షాపులో ఫారిన్ పాట మోగలేదు. ఎవరూ వద్దనలేదు, మామే పెట్టలేదు. పొద్దున భక్తి పాటలు, తర్వాత రేడియో వార్తలు, అంతే. ఆ దారి మళ్లీ తెరుచుకున్నాకే కొత్త నాన్‌స్టాప్ వచ్చింది. అందులో మొదటి పాట అరబ్బీ పాట. అది ఎవరికోసం పెట్టాడో ఊళ్లో అందరికీ తెలుసు.

మామ చేసిన పనికి బయట పెద్ద చరిత్రే ఉంది. జమైకాలో కింగ్ టబ్బీ అనే రేడియో మెకానిక్ పాటలోంచి గొంతు తీసేసి, ఉత్త డ్రమ్మునీ బేస్‌నీ ముందుకు తెచ్చి 70ల్లోనే కొత్త పాటలు చేశాడు. ఆయనా రిపేరు పని నుంచి వచ్చినవాడే. న్యూయార్క్‌లో టామ్ మౌల్టన్ డాన్సు ఆగకూడదని పాటల్ని సాగదీశాడు. 1976లో వాల్టర్ గిబ్బన్స్ సాగదీసిన 'టెన్ పర్సెంట్' పన్నెండంగుళాల రికార్డుగా బజార్లోకి వచ్చింది. 80లు వచ్చేసరికి రీమిక్సులన్నీ గుదిగుచ్చి విడిగా ఆల్బమ్ వేయడం పెద్ద కంపెనీలకు అలవాటైంది. పెట్ షాప్ బాయ్స్ 1986లో 'డిస్కో' వేశారు, మడోన్నా 1987లో 'యూ కెన్ డాన్స్' వేసింది. మన దేశంలోనూ 1982లో బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జీత్ సింగ్, రోలాండ్ కంపెనీ కొత్త యంత్రాల మీద పది రాగాలను డిస్కో తాళానికి వాయించి రికార్డు ఇచ్చారు. అప్పుడు దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. 2010లో ఒక డచ్చి సేకర్త మళ్లీ వేస్తే, ఇప్పుడు క్లబ్బుల్లో మోగుతున్న సంగీతం ఇంత ముందే బొంబాయిలో పుట్టిందా అని లోకం నోరు తెరిచింది. అప్పటికి చరణ్‌జీత్ సింగ్‌కి డెబ్బై నిండుతున్నాయి. విదేశాలకు పిలిపించుకుని వాయింపించుకున్నారు. నిజం చెప్పాలంటే ఈ మొత్తం చరిత్రలో నాకు మనసు నిండే ఘట్టం అదొక్కటే, ఎందుకంటే పేరు ఆలస్యంగానైనా మనిషి బతికుండగా చేరింది.

మామ క్యాసెట్ల మీద పేర్లు లేవు. చట్టం ప్రకారం అది నేరం. క్యాసెట్ మీద తయారు చేసినవారి పేరు, చిరునామా, హక్కుదారుడి పేరు, చిరునామా, మొదట వెలువడిన సంవత్సరం అచ్చేసి తీరాలని 1984లో కాపీరైట్ చట్టానికి సవరణ తెచ్చారు. 'ఫారిన్ నాన్‌స్టాప్' అట్ట మీద వాటిలో ఒక్కటీ లేదు. ఆ పాటలు కట్టినవాళ్లకి, పాడినవాళ్లకి మా ఊరి నుంచి పైసా పోలేదు. దాన్ని కప్పిపుచ్చి రాయను.

అయితే పేర్లు పోవడం ఒక్క మా వైపే జరిగింది కాదు. బోనీ ఎం సంగతే చూడండి. స్టేజీ మీద ఎగిరి గంతులేసే మగమనిషి బాబీ ఫారెల్. రికార్డులో వినిపించే ఆ మంద్రపు గొంతు మాత్రం జర్మన్ నిర్మాత ఫ్రాంక్ ఫారియన్‌ది. కోట్ల రికార్డులు అమ్మిన కంపెనీ అట్టలోనే కనిపించేది ఒకరు, వినిపించేది ఇంకొకరు. 'దొంగ' (1985)లో జాక్సన్ 'థ్రిల్లర్' చూసి తీసిన 'గోలీమార్' పాట ఇంటర్నెట్ వచ్చాక 'ఇండియన్ థ్రిల్లర్' అనే పేరుతో దేశదేశాలు తిరిగింది. చూసి ఆనందించినవాళ్లలో దాన్ని కట్టింది చక్రవర్తి అని, తీసిన కోదండరామిరెడ్డి మా నెల్లూరు జిల్లా మనిషని తెలిసినవాళ్లు ఎందరు?

ఇంకా బాగా తెలియాలంటే బప్పీలహరి కథ చెప్పుకోవాలి. 'సింహాసనం', 'స్టేట్ రౌడీ', 'గ్యాంగ్ లీడర్'లతో ఆయన తెలుగువాళ్ల ఇంటిమనిషి అయిపోయాడు. ఆయన 1981లో 'జ్యోతి' అనే హిందీ సినిమాకు కట్టగా లతా మంగేష్కర్ పాడిన 'థోడా రేషమ్ లగ్తా హై' పాటని అమెరికాలో డీజే క్విక్ అనే నిర్మాత టీవీలో విన్నాడు. 2002లో ట్రూత్ హర్ట్స్ అనే గాయని పాట 'అడిక్టివ్'లో లత గొంతుని అట్లాగే దించేశాడు. అమెరికాలో పెద్ద హిట్టు. అట్ట మీద లత పేరు లేదు, బప్పీ పేరు లేదు. కేసు పడింది. బప్పీలహరి పేరు అట్ట మీద వేస్తేనే ఆ డిస్కులు అమ్మాలని 2003లో లాస్ ఏంజిలిస్ కోర్టు చెప్పింది. బర్మా బజారు క్యాసెట్‌ని మా మామ ఏం చేశాడో, బప్పీ పాటని అమెరికా స్టూడియో అదే చేసింది. తేడా ఎక్కడంటే, మామ పరాయి పాటని ఒంచి బాలు గొంతుని కాపాడాడు, వాళ్లు లత గొంతుని ముక్కలు చేసి తమ తాళానికి కుట్టుకున్నారు.

అడిగి, పేరు చెప్పి వాడుకున్నవాళ్లూ ఉన్నారు. 2007లో ఎం.ఐ.ఏ. అనే గాయని వేసిన 'కాలా' ఆల్బమ్ మొదటి పాటలో ఇళయరాజా 'దళపతి' కోసం కట్టిన 'కాట్టుకుయిలు' వినిపిస్తుంది. తమిళంలో దాన్ని పాడింది బాలు, ఏసుదాసు. 2014లో విల్.ఐ.యామ్ అనే గాయకుడు 'ప్రేమికుడు' సినిమాలోని రెహమాన్ 'ఊర్వశి'ని తిరగేసి 'ఇట్స్ మై బర్త్‌డే' చేస్తే అది బ్రిటన్లో మొదటి స్థానానికి చేరింది. మా గుంటల గట్ల మీద తెల్లవార్లూ ఏ పాటలు మోగాయో, అవే పాటలు లండన్ క్లబ్బుల్లోకి ఈ వైపు నుంచి వెళ్లాయి. మామ ఇది వినకుండానే పోయాడు.

మన సినిమావాళ్ల రీమిక్సుల గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. 'యమగోల' పాట 'యమదొంగ'లోకి, 'ఘరానా మొగుడు' పాట 'మగధీర'లోకి, 'గ్యాంగ్ లీడర్' పాట 'రచ్చ'లోకి వచ్చాయి. తండ్రో తాతో ఆడిన పాటకి వారసుడు ఆడితే చూసే సరదా వేరే. కానీ వాటిలో బాలు గొంతు ఉండదు. తాళం, వరస ఉంచి గొంతు మార్చేశారు. నాకు ఆ పాటలు దగ్గర కాలేదు.

షాపు ఒక్కరోజులో మూతపడలేదు. ముందు ఎంపీ3 డిస్కులు వచ్చాయి. ఒక్క డిస్కులో నూటయాభై పాటలు, అదీ క్యాసెట్ ధరకే. చీటీ మీద ఎంచి పది పాటలు రాసే పని తప్పిపోయింది. తర్వాత సెల్‌ఫోన్లు, మెమరీ కార్డులు. మామ కూడా ఒక కంప్యూటర్ కొని కార్డుల్లోకి పాటలు ఎక్కించాడు. అదేమంత ఇష్టంగా చెయ్యలేదు. ఫోల్డరు మొత్తం ఎత్తి కార్డులో పోసే పనిలో ఏ పాట తర్వాత ఏ పాట అన్న ఆలోచనకు చోటు లేదు. ఆయనకు వచ్చిన విద్య అదొక్కటే. నోటుబుక్కులో నంబర్లు వేయడం మానేశాడు. అరల్లోని క్యాసెట్లను పాత సామాన్లవాడికి కేజీల లెక్కన వేశారని తర్వాత విన్నాను.

ఇప్పుడు వినాయక నిమజ్జనానికి మా ఊళ్లో లారీ మీద డీజే బాక్సులు వస్తాయి. ల్యాప్‌టాప్ ముందు ఇరవై ఏళ్ల కుర్రాడు నిలబడతాడు. పాట సగంలో ఒక గొంతు దూసుకొచ్చి డీజే ఫలానా, ఊరు ఫలానా అని గట్టిగా అరుస్తుంది. కాసేపటికి మళ్లీ అరుస్తుంది. పెద్దవాళ్లు చిరాకుపడతారు. నాకు మాత్రం ఆ అరుపంటే గౌరవమే. పాట కట్టినవాడి పేరు చెప్పకపోయినా, కలిపినవాడు తన పేరు టేపులోకి ఎక్కించుకుంటున్నాడు. మామకి ఆ ఆలోచన తట్టి ఉంటే ఇవాళ నా పని తేలికయ్యేది.

నా పని ఏమిటంటే, మా ఇంట్లో మిగిలిన 'ఫారిన్ నాన్‌స్టాప్' క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించి, అందులో ఉన్న పాటలన్నిటికీ పేర్లు వెతకడం. టేపు ఏళ్ల తరబడి చుట్టి ఉండటంతో ఒక చుట్టలోని పాట పక్క చుట్టకి అంటుకుంది. పాట మొదలవడానికి రెండు సెకన్ల ముందే అదే పాట సన్నగా, దూరంగా వినిపిస్తుంది. అది పోగొట్టే పద్ధతులున్నాయి గానీ నేను ముట్టుకోలేదు. ఫోన్లో పాట పేరు చెప్పే యాప్‌కి వినిపిస్తే చాలా పాటల్ని గుర్తుపట్టలేదు. మొదట టేపు పాడైందనుకున్నాడు మా అబ్బాయి. సంగతి వేరు. మామ స్క్రూ తిప్పి ఉన్నాడు కదా, ఆ పాటలు లోకానికి తెలిసిన శ్రుతిలో లేవు. కంప్యూటర్లో ఒక్కో పాట వేగం కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతే, ఒకచోట టక్కున పేరు పడుతుంది. ఆ పాటని ఎంత పెంచాల్సి వచ్చిందో రాసుకుంటే, దాని పక్కన బాలు పాట కోసం మామ ఎంత తగ్గించాడో తెలిసిపోతుంది. అట్లా ఒక్కో అతుకు దగ్గరా ఆయన స్క్రూ ఎటు తిప్పాడో ఇప్పుడు నా దగ్గర కాగితం మీద ఉంది.

మూడో నంబరు క్యాసెట్ రెండో వైపు చివర ఉన్న పాట ఒకటి ఇంకా దొరకలేదు. మాటల్లేని పాట. ముందు గడియారం కొట్టినట్టు పలచటి చప్పుడు, తర్వాత సింథసైజర్ మీద నాలుగు స్వరాలు దిగుతూ వస్తాయి, ఆ నాలుగే తిరిగి తిరిగి వస్తుంటాయి, వాటి మీద ఒక ఆడగొంతు ఊపిరి తీసుకున్న చప్పుడు. వేగం పెంచాను, తగ్గించాను, ఏ యాప్ పేరు చెప్పలేదు. 80ల చివర్లోనో 90ల మొదట్లోనో కువైట్లో, దుబాయిలో ఉన్నవాళ్లకి ఇది తెలిసే అవకాశం ఉంది. కోట, వాకాడు, చిట్టమూరు, నాయుడుపేట వైపు ఎవరి అటక మీదైనా బాల్‌పెన్ను రాతతో ఇట్లాంటి క్యాసెట్లుంటే టేపు తెగిపోయినా పారేయకండి, అతికించవచ్చు. అట్ట పారేయకండి. మామ లాంగ్ నోటుబుక్కుని షాపు ఖాళీ చేసే రోజున ఎవరో అడిగి తీసుకున్నారట. తాడు కట్టిన కంత దాని పై మూలలో ఉంటుంది. అది ఎవరి దగ్గరున్నా ఒక్కరోజు ఇప్పిస్తే చాలు, నకలు తీసుకుని మళ్లీ వాళ్లింటికే తెచ్చిస్తాను.